పరీక్ష లేని ఊళ్లో జబ్బుండదు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య తిరిగే ఏ బస్సయినా ఎక్కండి. "మా పాపకు నాలుగేండ్లు సార్, జొరమొచ్చి ఫిట్స్ వచ్చినాయి" అని ఒక్క మాట అనండి చాలు. కండక్టరు చేతి మిషన్‌లోంచి టికెట్టు బయటికొచ్చేలోగా అయిదు రోగనిర్ధారణలు మీ ఒళ్లో పడతాయి. వెనక సీటు అవ్వ దిష్టి అంటుంది. కిటికీ పక్కాయన "అమాసపొద్దు యాడో తిప్పింటారు, గాలి సోకింటాది" అంటాడు. డ్రైవరు వెనక్కి తిరక్కుండానే, ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టారా లేదా అని విచారిస్తాడు. ఇంకొకామె పక్షిదోషమని తేల్చేస్తుంది. బ్యాంకులో పనిచేసే పెద్దమనిషి చదువుకున్నవాడు కాబట్టి, "అదంతా వైరల్ అండీ, మూడు రోజుల్లో పోతుంది" అని ఇంగ్లీషులో దిష్టి తీస్తాడు.

ఇంతమంది వైద్యులున్న నేల మీద మెదడువాపు బతికి బట్టకట్టడం కష్టమని మీకు అనిపించవచ్చు. కాగితాల మీద అది నిజంగానే బతకదు. ఎట్లా చస్తుందో చెబుతాను.

మొదట ఆర్‌ఎంపీ. నేనాయన్ను తిట్టను. రాత్రి పదకొండింటికి తలుపు కొడితే తీసేది ఆయనొక్కడే. కాకపోతే ఆయన దగ్గర ఉండే జబ్బులు రెండే: టైఫాయిడ్, మలేరియా. పక్క సందులోని ల్యాబు విడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ పాజిటివ్ అని చీటీ ఇస్తుంది. విడాల్ చాలా మంచి మనసున్న పరీక్ష, ఎవరినీ ఊరికే పంపదు. ఎప్పుడో వచ్చి పోయిన జ్వరం మిగిల్చిన యాంటీబాడీలు కనిపించినా పాజిటివే, వేరే సూక్ష్మజీవి తాలూకు పోలిక తగిలినా పాజిటివే. చీటీ చూసి యాంటీబయాటిక్ సూది వేస్తారు. అది పనికొచ్చే మందే కావచ్చు. మెదడు పొరల జ్వరానికి చాలినంత మోతాదులో, చాలినన్ని రోజులు మాత్రం పడదు. ఒకట్రెండు సూదులకు జ్వరం కాస్త దిగుతుంది, పిల్ల కళ్లు తెరుస్తుంది, వెన్నునీటి కల్చర్‌లో దొరకాల్సిన బ్యాక్టీరియా దొరక్కుండా పోతుంది. నాలుగు రోజుల తర్వాత పెద్దాసుపత్రి డాక్టరు ఎంత వెతికినా నేరస్థుడి వేలిముద్రలు ఉండవు. శుభ్రంగా తుడిచే పంపించి ఉంటారు.

న్యాయం కూడా చెప్పాలి. జ్వరంలో వచ్చే ఫిట్స్ అన్నీ మెదడువాపు కాదు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి అయిదుగురికి ఉత్త జ్వరం ఫిట్స్ వస్తాయి. ఒళ్లంతా కొట్టుకుని, 15 నిమిషాలు దాటకుండా ఆగిపోయి, ఆ రోజంతా మళ్లీ రాకుండా, కాసేపటికి పిల్ల లేచి అమ్మ చేతిలోని బిస్కెట్టు లాక్కుంటే పెద్దగా భయపడక్కర్లేదు. చిక్కంతా ఇక్కడే ఉంది. పది మంది తల్లులకు "ఏం కాదు, పోండి" అని చెప్పి పదిసార్లూ నెగ్గిన డాక్టరు పదకొండో తల్లికీ అదే చెబుతాడు. పదకొండో పిల్ల బిస్కెట్టు వైపు చూడనైనా లేదని ఆ తల్లి చెప్పబోతుంది. అప్పటికే ఓపీ చీటీ మీద జబ్బు పేరు పడిపోయి ఉంటుంది. రాసిన పేరు కొట్టేయడం మన ఆసుపత్రుల్లో అపశకునం.

పసిబిడ్డ సరిగ్గా సాక్ష్యం చెప్పదు కూడా. పెద్దవాడికైతే మెడ బిగుసుకుంటుంది, వెలుతురు చూడలేనంటాడు, తల పగిలిపోతోందంటాడు. ఏడాది, ఏడాదిన్నర లోపు బిడ్డకు మెదడు పొరలు వాచినా మెడ మెత్తగానే ఉండొచ్చు. మాడు ఉబ్బుతుంది. పాలు మానేస్తుంది. ఏడుపు గొంతు మారి కీచుమంటుంది. ఎత్తుకుంటే ఊరుకోవాల్సింది పోయి ఎత్తుకున్నప్పుడే ఎక్కువ ఏడుస్తుంది, లేదంటే అసలు ఏడవడమే మానేస్తుంది. ఇవన్నీ చూసేది తల్లి. ఆమెను అడగడానికి పైసా ఖర్చు లేదు, అందుకే కాబోలు ఎవరూ అడగరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన నిర్వచనం తీసి చదవండి: హఠాత్తుగా జ్వరం, దాంతోపాటు స్పృహలో మార్పు, లేదా మామూలు జ్వరం ఫిట్స్ కిందికి రాని కొత్త ఫిట్స్ ఉంటే ఏఈఎస్, అంటే మెదడువాపు లక్షణాలున్న కేసు, అని లెక్క రాసుకోమంది. స్పృహలో మార్పు అంటే ఏమిటో తెలియని డాక్టర్లు వరండాలో నిలబెట్టిన ఆ తల్లిని పిలవవచ్చు. "బిడ్డ ముందు మాదిరి లేదు సార్" అని ఆమె పొద్దుటి నుంచీ అదే చెబుతోంది.

ఇక వెన్నునీరు. మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ తిరిగే నీటిని నడుము దిగువన, వెన్నుపాము ముగిసిన చోటుకు కింద, సన్నటి సూదితో కొన్ని చుక్కలు తీసి చూస్తారు. తెల్లకణాలు ఎన్ని, ఏ రకం, ప్రొటీన్ ఎంత, రక్తంలోని చక్కెరతో పోలిస్తే ఇందులో చక్కెర ఎంత పడిపోయింది: బ్యాక్టీరియానా, వైరస్సా, క్షయా అన్న తగువు చాలావరకు ఆ చుక్కల్లోనే తెగుతుంది. దీనికి కోట్ల మిషన్ అక్కర్లేదు. సూది, నాలుగు చిన్న సీసాలు, మైక్రోస్కోపు, చెయ్యి అలవాటున్న డాక్టరు, బిడ్డను వంచి పట్టుకోవడం తెలిసిన నర్సు ఉంటే చాలు. ఇంత చవకైన పరీక్ష మీద ఎవరికీ గౌరవం ఉండదు. పైగా దానికో శాపం ఉంది: "వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయి." ఈ మాట ఎవరు పుట్టించారో గానీ పెంచి పెద్దచేసిన వాళ్లలో తెల్లకోటు వాళ్లూ ఉన్నారు. సిజేరియన్ నాడు అదే నడుములో మత్తుసూది వేయించుకుని, బిడ్డను కని, తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికి పోయిన తల్లే, ఆ బిడ్డకు సూది వద్దని ఏడుస్తుంది. ఆమెకు విడమరిచి చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. "వద్దంటే సంతకం పెట్టి తీసుకుపోండి" అనడానికి పది సెకన్లు. మన ఆసుపత్రుల్లో కాలం చాలా విలువైనది.

అదే సీటీ స్కాన్ అంటే ఎవరికీ భయం లేదు. మెదడులో ఒత్తిడి బాగా పెరిగిందన్న అనుమానం ఉంటే సూదికి ముందు స్కాన్ తీయాల్సిందే, కాదనను. మనవాళ్లు స్కాన్ తీసేది సూదికి ముందు కాదు, సూదికి బదులు. రిపోర్టులో "నార్మల్" అని వస్తుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు, మొక్కులు చెల్లిస్తారు. మెదడువాపు మొదలైన రోజుల్లో సీటీ స్కాన్ నార్మల్‌గా ఉండడం మామూలేనని ఆ ఫిల్ము మీద ఎవరూ అచ్చు వేయరు.

ఇదంతా ఊహల్లోని ముప్పు అనుకునేవారికి పాత సంగతి ఒకటి. 1999 అక్టోబరు, నవంబరుల్లో అనంతపురం జిల్లా మీద జపనీస్ మెదడువాపు విరుచుకుపడింది. ఇప్పుడు మన మూడు ఊళ్లూ ఉన్న సత్యసాయి జిల్లా 2022లో పుట్టింది కాబట్టి అప్పటికి అవి అనంతపురంవే. ఈ వైరస్ కొంగల్లో తిరుగుతుంది, పందుల్లో పెరుగుతుంది, వరిమళ్ల నీటిలో పుట్టే క్యూలెక్స్ దోమ దాన్ని మనిషికి అందిస్తుంది. అంటే నీళ్లున్న చోటి జబ్బు. మేఘాలకు ఏనాడూ దొరకని అనంతపురం అడ్రసు దోమకు దొరికింది. జిల్లాకు ప్రభుత్వ వైద్య కళాశాల మరుసటి ఏడాది, 2000లో వచ్చింది. హైదరాబాదులో సైబర్ టవర్స్‌కు అప్పటికి ఏడాది నిండుతోంది, ముఖ్యమంత్రి కలెక్టర్లతో వీడియో కాన్ఫరెన్సుల్లో మాట్లాడుతున్న కాలమది. రాజధానిలో కూచుంటే కలెక్టరు ముఖం కనపడేది. బిడ్డ వెన్నులో ఏముందో కనపడే తెర ఇంకా రాలేదు.

జపనీస్ మెదడువాపు వైరస్ సోకినవారిలో సుమారు 250 మందికి ఒకరికే జబ్బు తీవ్రంగా బయటపడుతుందని అంచనా. ఊళ్లో ఒక్క పిల్ల పడిపోయిందంటే దోమ అప్పటికే ఊరంతా తిరిగిందన్నమాట. ఆ ఒక్క పిల్లను వైరల్ అని రాసి పంపేస్తే ఊరు ఊరంతా ఆరోగ్యంగా ఉన్నట్టే. జబ్బును ఖాయం చేయాలంటే వెన్నునీటిలోనో రక్తంలోనో ఐజీఎం యాంటీబాడీ కోసం వెతకాలి. మొదటి రోజుల్లో తీసిన నమూనాలో అది ఇంకా తయారై ఉండకపోవచ్చు, వారం పది రోజులాగి మళ్లీ తీయాలి. మనకు అంత ఓపిక ఎక్కడిది? మొదటి నమూనా నెగెటివ్ అనగానే ప్రెస్‌నోట్ తయారవుతుంది: మెదడువాపు కేసులు లేవు, ప్రజలు ఆందోళన చెందవద్దు, ఇవి విషజ్వరాలు మాత్రమే. విషజ్వరం చాలా సౌకర్యమైన రోగం. దానికి పరీక్ష లేదు, కాబట్టి ఎవరూ పరీక్షలో తప్పరు. ఆ సాయంత్రమే మున్సిపాలిటీ పొగబండి మెయిన్ రోడ్డు మీద ఊరేగుతుంది. వరిమళ్ల వైపు పోదు. అటు రోడ్డు బాగుండదు.

చూడకుండా పేరు పెట్టే విద్య మన మూడు ఊళ్ల సొంతమని గర్వపడితే అది కాస్త అతిశయమే. బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ఏళ్ల తరబడి వేసవి తెల్లవారుజాముల్లో పిల్లలు ఫిట్స్‌తో పోయారు. అందరూ మెదడు జ్వరమన్నారు. 2014లో ఓపిగ్గా వెతికితే ఎందరిలోనో వాపే కనపడలేదు. రాత్రి అన్నం లేకుండా పడుకున్న బక్కపిల్లల రక్తంలో చక్కెర అడుగంటింది, పగలు తిన్న లీచీ పండ్లలోని విషపదార్థం దానికి తోడైంది. వేలికొస నుంచి ఒక చుక్క రక్తం తీసి గ్లూకోమీటరులో పెడితే తెలిసే సంగతి అది. గోరఖ్‌పూర్‌లో జపనీస్ మెదడువాపు టీకా వేసినా పిల్లల చావులు ఆగకపోతే, కొన్నేళ్లకు తేలిందేమిటి? చాలామందిది స్క్రబ్ టైఫస్. కంటికానని పురుగు కుట్టి వచ్చే జబ్బు, డాక్సీసైక్లిన్ లాంటి చవక మందుకు లొంగేది. ఒక పేరు అతికించాక మనుషులు వెతకడం మానేస్తారు, ఆ పేరు మెదడువాపు అయినా సరే.

మన రాష్ట్రంలోనే 2003లో 329 మంది పిల్లలు మెదడువాపు లక్షణాలతో పడిపోతే 183 మంది చనిపోయారు. పుణెలోని వైరాలజీ సంస్థ దాన్ని చండీపుర వైరస్ అంది. 1965లో నాగపూర్ దగ్గర దొరికిన ఈ వైరస్‌ను ఇసుక ఈగలు మోస్తాయి. ఇక్కడి వైద్యులు కొందరు కాదన్నారు, ఇది వాపే కాదు, మెదడు రక్తనాళాలకు తగిలిన దెబ్బ అన్నారు. వైద్యపత్రికల్లో వాదన నడిచింది. నాకు ఆ తగువంటే గౌరవం. కనీసం వాళ్లు చూసి పోట్లాడుకున్నారు.

ఇప్పుడు అసలు గండం. పిల్లకు జ్వరమే లేదనుకోండి, లేదా పది రోజుల కింద వచ్చి పోయింది. ధర్మవరంలో మగ్గం పక్కన ఆడుకునే అయిదేళ్ల పిల్ల ఉన్నట్టుండి రాత్రుళ్లు నిద్రపోదు. కారణం లేకుండా అరుస్తుంది, కొరుకుతుంది. వచ్చిన మాటలు పోతాయి. మూతి వంకర్లు తిప్పుతుంది, చేతులు ఆడిస్తూనే ఉంటుంది, నడుమ నడుమ ఫిట్స్. దయ్యం పట్టిందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆ దయ్యాన్ని 2007లో జోసెప్ డాల్మావ్ అనే డాక్టరు బృందం పట్టుకుంది. పేరు యాంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్. ఒంటిని కాయాల్సిన యాంటీబాడీలే దారి తప్పి మెదడు కణాల మీదున్న రిసెప్టర్లను ఊడబెరుకుతాయి. ఏదో కోటికొక్కరికి వచ్చే వింత అని తోసెయ్యడానికి లేదు. కాలిఫోర్నియాలో 30 ఏళ్ల లోపు మెదడువాపు రోగుల లెక్క చూస్తే, విడివిడిగా ఏ వైరస్ కంటే కూడా ఇదే ఎక్కువ అని 2012లో తేలింది. 2013లో 577 మంది రోగుల మీద వచ్చిన పరిశీలనలో అందరికంటే చిన్న రోగి వయసు 8 నెలలు. వైద్యం అందితే దాదాపు అయిదుగురిలో నలుగురు రెండేళ్లలో బాగా కోలుకున్నారు. త్వరగా మొదలుపెట్టిన వాళ్లకు ఎక్కువ మేలు జరిగింది. మన భూతవైద్యుడు వచ్చే అమావాస్య దాకా ఆగమంటాడు.

న్యూయార్క్ మాత్రం ఏం తక్కువ తిన్నది? 2009లో సుసానా కహలాన్ అనే యువ విలేకరికి ఈ జబ్బే వస్తే, ఒక నరాల డాక్టరు ఆమె తాగుడే దీనికి మూలమన్నాడు. పరీక్ష మీద పరీక్ష నార్మల్ అని వచ్చింది. చివరికి సుహేల్ నజ్జార్ అనే డాక్టరు కాగితం చేతికిచ్చి గడియారం బొమ్మ వేయమన్నాడు. ఆమె పన్నెండు అంకెలనూ ఒక పక్కనే కుక్కేసింది. మెదడులో ఒక వైపు వాచిందని ఆయనకు అక్కడ తెలిసింది. అమెరికా మహానగరంలోనే కాగితం, పెన్ను దొరకడానికి అన్నాళ్లు పడితే, హిందూపురాన్ని తొందరపెట్టడం అన్యాయం.

ఈ జబ్బు మందుల్లో మొదటిది స్టిరాయిడ్, అది చవకే. దాని వెనక వచ్చేది ఐవీఐజీ, నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు. కిలోకు 2 గ్రాముల లెక్కన 15 కిలోల పిల్లకు 30 గ్రాములు, అంటే 5 గ్రాముల సీసాలు ఆరు. ఒక్కో సీసా ధర వేలల్లో. ఎన్ని పట్టుచీరలు నేస్తే ఒక సీసా వస్తుందో కూలికి నేసే తండ్రికి లెక్క తెలుసు. మగ్గం మీద వేల పోగుల్లో ఒక్కటి తెగినా చూడకుండానే ఆయన వేలికి తెలుస్తుంది. పిల్ల మాట తెగిందని కూడా ఆయన మొదటి రోజే చెప్పాడు. చెప్పింది తెల్లకోటు వేసుకుని కాదు గనక అది లక్షణాల్లోకి రాలేదు.

అన్ని మజిలీలూ అయ్యాక బెంగుళూరు. మా ప్రాంతపు వైద్య సంస్థల్లో అన్నిటికంటే నమ్మకమైనది ఎన్‌హెచ్ 44. చీటీ మీద "పెద్దాసుపత్రికి పంపడమైనది" అని ఒక ముక్క రాస్తే ఇక్కడి వైద్యం పూర్తయినట్టు. అక్కడి నిమ్హాన్స్ ఆసుపత్రి గేటు దగ్గర కాసేపు నిలబడండి, "యాడ్నుంచి వచ్చినారు?" అన్న మాట వినపడకపోతే నన్నడగండి. అక్కడి డాక్టరు మొదట అడిగేది, "ఇన్ని రోజులు ఎక్కడున్నారు?" అని. బస్సులో ఉన్నామని చెప్పడానికి తల్లిదండ్రులకు సిగ్గు.

పోనీ ఈ ఊళ్లేమైనా దిక్కులేనివా? హిందూపురం 1983 నుంచి ఒకే పార్టీని నెత్తిన పెట్టుకుంది. ఎన్టీఆర్, హరికృష్ణ, ఇప్పుడు బాలకృష్ణ. బాలకృష్ణగారు హైదరాబాదులో ఒక పేరున్న కేన్సర్ ఆసుపత్రికి ఛైర్మన్ కూడా, మంచి ఆసుపత్రి ఎట్లా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పెనుకొండ ఎమ్మెల్యే సవితగారు మంత్రి. ధర్మవరం ఎమ్మెల్యే సత్యకుమార్ యాదవ్‌గారైతే 2024 జూన్ నుంచి సాక్షాత్తు వైద్యారోగ్య శాఖ మంత్రి. ఆయనకు ముందు ఎమ్మెల్యే కేతిరెడ్డిగారు తెల్లారేసరికి కెమెరాతో వీధిలోకి దిగి "గుడ్ మార్నింగ్ ధర్మవరం" అనేవారు. గుడ్ మార్నింగ్ చెప్పినా కళ్లు తెరవని పిల్లే ఏఈఎస్ కేసు. ఆ కార్యక్రమాన్ని రోగనిర్ధారణ పరీక్షగా వాడుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాకపోయింది.

పెనుకొండకు మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. జాబితాలో. గత ప్రభుత్వం ప్రకటించిన 17 కాలేజీల్లో అదొకటి. 2023లో అయిదు తెరిచారు, అందులో పెనుకొండ లేదు. 2025లో ఈ ప్రభుత్వం పది కాలేజీలను ప్రైవేటు భాగస్వామ్యానికి పెట్టింది, అందులో పెనుకొండ ఉంది. వాళ్లు కట్టలేదని వీళ్లు, వీళ్లు అమ్ముకుంటున్నారని వాళ్లు రోడ్డెక్కారు. ఆ ఊరి పక్కనే కియా ఫ్యాక్టరీలో అయిదేళ్లలో 900 ఇంజిన్లు మాయమయ్యాయన్న ఫిర్యాదు 2025లో బయటికొచ్చింది. నట్టు బోల్టుకు కూడా నంబరేసే చోటే ఇంజిన్ల లెక్క తేలడానికి అన్నేళ్లు పట్టింది. పిల్లల లెక్క అడగడానికి మనమెవరం?

అయినా మంత్రిగారికి ఒక మనవి. రాత్రి రెండింటికి మీ ధర్మవరంలోగానీ, హిందూపురంలోగానీ, పెనుకొండలోగానీ జ్వరంతో స్పృహ తప్పిన బిడ్డను తెస్తే గ్లూకోమీటరు ఎవరి దగ్గరుంటుంది? వెన్నునీరు తీసే చెయ్యి ఎవరిది? తీయడం ఆలస్యమైతే తెల్లారేదాకా ఆగకుండా మొదటి మోతాదు మందు ఎవరు వేస్తారు? రెండో నమూనా ఎన్నో రోజున, ఎవరు తీస్తారు? నాలుగు ప్రశ్నలకు నాలుగు పేర్లు, నాలుగు ఫోన్ నంబర్లు ఆసుపత్రి గోడ మీద రాయించండి. మీ ప్రభుత్వం 2025 జనవరిలో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టింది, నాలుగు పేర్లు దొరకవా?

దొరక్కపోతే ఖర్చు తక్కువ మార్గం ఇంకోటి ఉంది. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పెద్ద బోర్డు పెట్టించండి: "శ్రీ సత్యసాయి జిల్లా పిల్లల మెదడు వ్యాధుల విభాగం." కింద బెంగుళూరు వైపు ఒక బాణం గుర్తు వేయించండి. ముగ్గురు ఎమ్మెల్యేలూ కలిసి రిబ్బను కత్తిరించవచ్చు.